అతిథి పిట్టకు ప్రభుత్వ లాంఛనాలు

మా అక్క పెరటిని ‘అంతర్జాతీయ అతిథి విహంగ ప్రాంగణం’గా ప్రకటిస్తున్నట్టు పర్యావరణ మంత్రిగారు సోమవారం ఉదయం మైకులో సెలవిచ్చారు. ఆ సమయంలో అక్క ఆ ప్రాంగణంలోనే చతికిలబడి వంగమొక్కలకు పాదులు చేస్తోంది. తనకు పట్టిన యోగం ఆమెకింకా తెలియదు.

ఇందులో నా పాత్ర కూడా కొంత ఉందని సవినయంగా మనవి చేస్తున్నాను. అక్కకు ఆరు కోళ్లు. బావ పోయాక ఆమె మాట్లాడేది ఎక్కువగా వాటితోనే. అవి మట్టి గీరుతుంటే బయటపడే పురుగుల కోసం నీలం మెడ వలస పిట్ట ఒకటి వారం రోజులుగా వస్తోంది. పక్కిల్లే మాది కనుక గోడ మీంచి ఫోటో తీసి పేపరుకు పంపాను. వేశారు. మంత్రిగారు చూశారు. ఆ వారం ఆయనకు ప్రకటించడానికి ఇంకేమీ లేదు.

మర్నాడే స్పెషల్ ఆఫీసరుగారు దిగారు. మహా చురుకైన మనిషి. పెరట్లో కాలు పెట్టకముందే సమస్యను పట్టేశారు.

“ఇవేంటమ్మా?”

“కోళ్లు బాబూ.”

“అతిథి మూడు సముద్రాలు దాటొచ్చింది. ఇవి గోడ కూడా దాటలేదు. అందరూ ఒకే గిన్నెలో నీళ్లు తాగితే ప్రోటోకాల్ ఏం కావాలి?”

“వాటికి లేని బాధ మీకెందుకు బాబూ?”

“బాధ కాదమ్మా, జీవో.”

జీవో ప్రకారం స్థానిక పక్షులను ఇరవై నాలుగు గంటల్లో ఖాళీ చేయించి పునరావాసం కల్పించాలి. పునరావాస కేంద్రం ఇంకా కట్టలేదు కనుక, ఆఫీసరుగారు పెద్ద మనసు చేసుకుని తన క్వార్టర్స్ పెరటినే తాత్కాలికంగా ఇచ్చారు. అవి రోజూ పెట్టే గుడ్ల బాధ్యత కూడా తనే నెత్తిన వేసుకున్నారు.

ఐదింటిని బుట్టలోకి ఎక్కించాక నల్లపెట్ట దగ్గర చిన్న అవాంతరం వచ్చింది. అది గంప కింద తొమ్మిది గుడ్లు పొదుగుతోంది. అక్క అడ్డంగా నిలబడింది.

“నాలుగు రోజులాగండి బాబూ, పిల్లలవుతాయి. ఇప్పుడు లేపితే చల్లబడిపోతాయి.”

“ఆర్డర్లో పక్షులనే ఉందమ్మా. గుడ్ల గురించి క్లారిఫికేషన్ అడుగుతాను.”

నల్లపెట్టనూ బుట్టలో వేయించి, అడిగారు కూడా. మాట తప్పే మనిషి కాదు. జవాబు వస్తుందేమోనని అక్క ఆ గుడ్లను దుప్పట్లో చుట్టి ఒళ్లో పెట్టుకు కూర్చుంది. మూడో రోజు వంగపాదులో పూడ్చింది. ఓదార్చబోయాను.

“నీ ఫోటో బాగా పడిందిరా,” అంది.

తర్వాత ఆ పాదుల మీదుగా పెరడంతా టైల్స్ పరిచారు. టైల్స్ చాలక గోడవార మాత్రం జానెడు మట్టి మిగిలిపోయింది. పాలరాతి నీళ్లతొట్టి పెట్టారు. పిట్ట రాలేదు. ఎందుకు రాలేదో తేల్చడానికి ముగ్గురు నిపుణులతో కమిటీ వేశారు. “కోళ్లు లేవుగా,” అంది అక్క. ఆమె కమిటీ మెంబరు కాదు కనుక ఆ మాట రికార్డుకెక్కలేదు.

పిట్ట నిక్షేపంగా ఉంది. కోళ్లెక్కడుంటే అక్కడికి, అంటే ఆఫీసరుగారి పెరట్లోకి వెళుతోంది. సంగతి తెలియగానే మంత్రిగారు ఆ పెరటినే కొత్త ప్రాంగణంగా ప్రకటించారు. జీవో పాతదే. కోళ్లు ఇరవై నాలుగు గంటల్లో ఖాళీ చేయాలి. “పిల్లలు ఆమ్లెట్లకి అలవాటు పడ్డారండీ,” అని ఆఫీసరుగారి శ్రీమతి బతిమాలారట. ఆయన చలించలేదు. జీవో రాసింది తనే మరి.

కోళ్లు ఇల్లు చేరాయి. అక్క ఒక్కోదాన్నీ ఒళ్లోకి తీసుకుని తడిమింది. నల్లపెట్ట ఆమె చేతుల్లో నిలవక గంప చుట్టూ తిరుగుతూనే ఉంది.

తెల్లారి అవి గోడవార మట్టి గీరుతుంటే పిట్ట వచ్చి గోడ మీద వాలింది. అక్క చేతిలో పని వదిలేసి పరిగెత్తింది.

“పో తల్లీ, పో! ఎవరన్నా చూస్తారు!” అంటూ చప్పట్లు కొట్టింది.

పిట్ట ఎగిరి మా గోడ మీద వాలింది. నాకూ ఒక పెరడుంది. నేనూ కొట్టాను. అక్కణ్ణించి టైలరు ఇంటి మీదికి పోయింది. అతనూ భార్యా పరుగున బయటికొచ్చి కొట్టారు. తర్వాత మేష్టారి డాబా. నిమిషంలో వీధి వీధంతా బయటికొచ్చి, తలలెత్తి, చేతులు ఎర్రబడేలా చప్పట్లు కొట్టసాగింది.

సరిగ్గా అప్పుడే, కొత్త ప్రాంగణం ప్రారంభానికి వెళుతున్న మంత్రిగారి కారు మా వీధిలోకి తిరిగింది. చప్పట్లు విని ఆగింది. మంత్రిగారు దిగారు. కళ్లు చెమర్చాయి.

“చాలమ్మా, చాలు. నేను చేసింది నా డ్యూటీయే కదా,” అన్నారు చెయ్యి ఊపుతూ.

పిట్ట ఇంకా దగ్గర్లోనే ఉంది. అందుకని మేం ఆపలేదు.