సూరిబాబుగారికి ఊపిరాడలేదు

రాహేలు ఇంట్లో లేని నాలుగు గంటల్లో అక్వేరియం లీకు కట్టెయ్యాలి. ఆవిడ తిరిగొచ్చేసరికి ఏమీ ఎరగనట్టు కుర్చీలో కూర్చుని పేపరు చదువుకోవాలి. ఆ శనివారం పొద్దున్న మాణిక్యాలరావు వేసుకున్న ప్లాను ఇంతే.

రాహేలు పలివెలలో స్త్రీల ప్రార్థన కూడికకి బయల్దేరుతూ గుమ్మం దగ్గర ఆగింది.

"చేపల షాపు హర్ష సోమవారం అమలాపురం నుంచి వస్తానన్నాడు కదండీ. అంతవరకూ మీరు దాని జోలికి వెళ్ళకండి."

"ఆయ్."

"ఆయ్ అంటే వెళ్తాననా, వెళ్ళననా?"

"వెళ్ళననే!"

ఆవిడ నమ్మలేదు. కానీ కింద ఆటోవాడు హారన్ కొడుతున్నాడు. వెళ్ళిపోయింది.

మాణిక్యాలరావు కాలవల ఇంజనీరు. వరదల్లో గట్లకి పడ్డ గండ్లు పూడ్పించినవాడు. అలాంటివాడి ఇంట్లో గాజుతొట్టి మూలనుంచి చుక్కచుక్కగా నీళ్ళు కారుతుంటే, దాన్ని ఆపడానికి షాపువాడు రావాలా? కొత్తపేటలో ఈ మాట నలుగురికీ తెలిస్తే తలెత్తుకు తిరగడమెలా? చుక్క కిందపెట్టిన స్టీలుగిన్నె టప్ టప్ మని మోగినప్పుడల్లా తన సర్వీసు రిజిస్టరు మీద ఎవరో వేలితో కొడుతున్నట్టుండేది అతనికి.

ఆ తొట్టిలో ఉన్నది ఒక్కటే చేప. ఫ్లవర్‌హార్న్. నుదుటిమీద నిమ్మకాయంత బొప్పి, కిందికి వాలిన మూతి, ఎవరొచ్చినా తప్పు దిద్దేలా చూసే చూపు. రాహేలుకి అదంటే ప్రాణం. 'బంగారం' అని పిలుచుకునేది. మాణిక్యాలరావు మాత్రం దాన్ని కొన్న మొదటిరోజే, షాపులో హర్ష పక్కనుండగా, 'సూరిబాబుగారు' అన్నాడు. సూరిబాబుగారంటే రాహేలుకి స్వయానా అన్నయ్య. రాజోలులో ఉంటారు. రిటైరైన హెడ్మాస్టరు. ఆ నుదురూ, ఆ మూతీ, ఆ చూపూ అచ్చం ఆయనవే. చేపే అయినా బావగారి పేరు కనక, 'గారు' తీసెయ్యడానికి మాణిక్యాలరావుకి నోరొచ్చేది కాదు. ఈ పేరు అతనికీ హర్షకీ తప్ప మూడోవాడికి తెలియదు.

ముందు సూరిబాబుగారిని తొట్టిలోంచి తియ్యాలి. బియ్యం కడిగే జల్లెడతో ప్రయత్నిస్తే ఆయన మాణిక్యాలరావు వేలు కొరికాడు. రెండోసారి జల్లెడనే కొరికాడు. చివరికి రాహేలు పాత చున్నీతో చుట్టి, బకెట్లో వేసి, బాత్రూములో పెట్టేసరికి మాణిక్యాలరావు బనీను తడిసి ముద్దయింది.

తరవాత తొట్టి ఖాళీ చెయ్యాలి. రబ్బరు గొట్టం ఒక చివర నీళ్ళలో ముంచి, రెండో చివర నోట పెట్టుకుని పీల్చాడు. నీళ్ళు అనుకున్నదానికంటే జోరుగా వచ్చాయి. ఒక గుక్క గొంతు దిగిపోయింది. ఆర్నెల్లుగా చేపకి వేస్తున్న మేత రుచి అతనికి మొదటిసారి తెలిసింది. ఉమ్ముకుంటూ గొట్టాన్ని కిటికీలోంచి కిందికి వదిలాడు. కింద ఏముందో చూసుకోలేదు.

కింద ఇల్లుగలావిడ అమ్మాజీగారి మామిడితాండ్ర ఉంది. చాపలమీద పొరమీద పొర పోసి, వారంరోజులుగా కాకుల్ని తోలుకుంటూ ఆరబెడుతోంది ఆవిడ.

"మాణిక్యాలరావుగారండీ! పైనుంచి ఏవిటండీ ఈ వాన?"

మాణిక్యాలరావు గొట్టం చటుక్కున లాగేశాడు. తొట్టి ఇంకా సగం నిండుగానే ఉంది. కిటికీలోంచి తల బయటికి పెట్టాడు. నిజం చెబితే సాయంత్రానికి రాహేలుకి తెలుస్తుంది. అందుకని నోటికొచ్చిన అబద్ధం ఆడాడు.

"ట్యాంకు నిండిపోయి పొర్లుతోందనుకుంటానండీ!"

"అయ్యో రామ! ఇప్పుడే కదండీ మోటారు వేసేను. అప్పుడే నిండిపోయిందా!" అంటూ ఆవిడ పరిగెత్తి మోటారు కట్టేసింది. అప్పటికి ట్యాంకులో పడిన నీళ్ళు అడుగు తడవడానికి కూడా చాలవు. ఆ సంగతి మాణిక్యాలరావుకి కాస్సేపటికి కానీ తెలియలేదు.

గొట్టం మళ్ళీ కిందికి వదిలే ధైర్యం లేదు. నీళ్ళు సగం ఉన్నా ఫరవాలేదులే అనుకున్నాడు. కాలవ పారుతుండగానే గట్టుకి పనిచేయించిన అనుభవం ఉంది కదా. బ్లేడు తీసుకుని మూలనున్న పాత సిలికాన్ గీకడం మొదలెట్టాడు. రెండుసార్లు గీకాడో లేదో, చుక్కగా ఉన్నది ధార అయింది. మూడోసారికి ధార కాలవైంది. కొత్త సిలికాన్ ట్యూబు నొక్కి పూస్తే అది నీళ్ళతోపాటే జారి నేలమీదికి వచ్చేసింది. అప్పుడు ట్యూబుమీద చిన్న అక్షరాలు చదివాడు. తడిలేని చోటే పూయాలనీ, ఒకరోజంతా ఆరాలనీ ఉంది.

తువ్వాళ్ళు తెచ్చాడు. దుప్పట్లు తెచ్చాడు. ఆఖరికి వంటింట్లోంచి బియ్యం బస్తా ఈడ్చుకొచ్చి మూలకి అడ్డం వేశాడు. డిపార్టుమెంటులో గండి పడితే ఇసక బస్తాలు వేసేవాళ్ళు. అవి ఉబ్బేవి కావు.

హాలంతా నీళ్ళు. మొహం కడుక్కుందామని బాత్రూములోకెళ్ళి కుళాయి తిప్పితే గాలి తప్ప ఏమీ రాలేదు. బకెట్లోకి చూస్తే సూరిబాబుగారు ఒకపక్కకి ఒరిగి, నోరు తెరిచి మూస్తున్నాడు. లీకైతే ఏదో ఒకటి చెప్పుకోవచ్చు. చేప పోతే రాహేలుకి మొహం ఎలా చూపిస్తాడు? హర్షకి ఫోన్ చేశాడు.

సరిగ్గా అప్పుడే అమ్మాజీగారు, తడిసిన తాండ్రముక్క సాక్ష్యంగా చేత్తో పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. తలుపు ఓరగా ఉంది. లోపల్నుంచి మాటలు వినపడుతున్నాయి.

"సూరిబాబుగారు ఒరిగిపోయేరు హర్షా! నోరు తెరుస్తున్నారు, ఊపిరాడట్లేదు... బాత్రూములోనే ఉన్నారు. కదలటం లేదు... ఉప్పా? కళ్ళుప్పేనా? ఆయ్... మా ఆవిడకి మాత్రం తెలియకూడదయ్యా. తెలిస్తే నన్ను బతకనివ్వదు."

అమ్మాజీగారి చేతిలో తాండ్రముక్క జారిపోయింది. సూరిబాబుగారిని ఆవిడ బాగా ఎరుగును. నెలకోసారి వచ్చి, ఆవిడ ముగ్గులో వంకర చూపించి మరీ వెళ్తారు. అంత మనిషి బాత్రూములో పడి ఊపిరాడక కొట్టుకుంటుంటే, చెల్లెలి మొగుడు ఆ చెల్లెలికే తెలియనివ్వకుండా గుట్టుగా ఉంచుతున్నాడా! గబగబా కిందికి దిగి రాహేలుకి ఫోన్ చేసింది.

కూడిక సగంలో రాహేలు లేచి నిలబడింది. అన్నయ్యకి ఫోన్ చేస్తే వదిన ఎత్తింది.

"ఆయన పొద్దున్నే మీ ఇంటికే బయల్దేరేరు రాహేలూ. ఎండురొయ్యలు పట్టుకెళ్ళేరు. ఫోను చార్జింగులోనే మర్చిపోయేరు."

ఇంకేం అనుమానముంది? రాహేలు ఏడుపు ఆపుకుంటూ మొగుడికి ఫోన్ చేసింది.

"నిజం చెప్పండి. ఉన్నాడా?"

తను హర్షతో అన్న మాటలు విని అమ్మాజీగారు చెప్పేసిందన్నమాట అనుకున్నాడు మాణిక్యాలరావు. ఇంక దాచి లాభం లేదు.

"ఉన్నాడు, ఉన్నాడు. నువ్వు కంగారు పడకు."

"బాత్రూములో పడేసేరటగా?"

"పడెయ్యలేదే! జాగ్రత్తగా చున్నీలో చుట్టి మరీ తీసుకెళ్ళేను."

"చుట్టేసేరా!" రాహేలు గొంతు కీచుమంది. "నోట్లో నాలుగు చుక్కలు నీళ్ళయినా పోసేరా?"

"ఎక్కడివే నీళ్ళు? కుళాయి రావట్లేదు. ఉప్పు మాత్రం వేసేను."

"ఉప్పు వేసేరా!"

ఫోన్ కిందపడిన చప్పుడు, ఆ వెనక చాలామంది ఆడవాళ్ళు ఒక్కసారి ప్రార్థన ఎత్తుకున్న చప్పుడు వినిపించాయి. చేపకోసం ఇంతమంది ప్రార్థన చేస్తారని మాణిక్యాలరావు అనుకోలేదు. రాహేలుకి దానిమీద ఎంత ప్రేమో అప్పుడర్థమై అతని కళ్ళు కూడా చెమ్మగిల్లాయి. ఏమైనా సరే బతికించాలని, ఫ్రిజ్‌లో తాగేనీళ్ళ సీసాలన్నీ తెచ్చి చలి విరగడానికి ఎండలో పెట్టాడు.

అలా పెడుతుండగా మెట్లమీద బూట్ల చప్పుడైంది.

"ఏవండీ బావగారూ! తలుపులు బార్లా తీసుకుని కూచోడవేవిటి? దొంగలు పడితేనో?"

సూరిబాబుగారు. అసలాయన. చేతిలో ఎండురొయ్యల సంచి. నుదురు ముందు లోపలికొచ్చి, తరవాత ఆయన వచ్చారు. హాలు చూసి మూతి ఇంకాస్త కిందికి వాలింది.

"ఇంజనీరు ఇల్లా ఇది? వరి నాట్లు ఊడ్చొచ్చు."

"బావగారూ, ఆగండి, జారుతుంది!"

"నాకు తెలుసులెండి. కాళ్ళు కడుక్కొస్తాను" అని ఆయన బూట్లు విప్పి, బాత్రూముకేసి నడిచారు. సిలికాన్ కలిసిన నీళ్ళలో మొదటి అడుగు సరిగ్గానే పడింది. రెండో అడుగు వెయ్యనక్కర్లేకపోయింది. మొదటి అడుగే ఆయన్ని తిన్నగా బాత్రూములోకి తీసుకెళ్ళింది. ఎండురొయ్యలు ఒకవైపు, ఆయన ఒకవైపు. వెల్లకిలా పడి, నోరు తెరిచి మూస్తూ, ఊపిరందక చూస్తున్నారు. పక్కనే బకెట్లోంచి ఇంకో సూరిబాబుగారు అలాగే చూస్తున్నాడు.

మాణిక్యాలరావు ఎవర్ని ముందు లేవదియ్యాలో తేల్చుకునేలోపు కింద రెండు ఆటోలు ఆగాయి. అమ్మాజీగారు ముందు, రాహేలు వెనక, ఆ వెనక పాస్టరమ్మ మార్తమ్మగారూ, కూడిక యావత్తూ మెట్లెక్కి వచ్చేశారు.

"చూసేరా! నేను చెప్పలేదూ? ఇక్కడే, ఇలాగే!" అంది అమ్మాజీగారు.

ఆడవాళ్ళంతా కలిసి సూరిబాబుగారిని ఎత్తి హాల్లో మంచంమీద పడుకోబెట్టారు. మార్తమ్మగారు ఆయన నెత్తిమీద చెయ్యివేసి ప్రార్థన చేశారు. ఆమెన్ అనేసరికి ఆయనకి మాట వచ్చింది.

"ఎంతసేపైందండీ పడిపోయి?" అంది మార్తమ్మగారు.

"ఎంతసేపేవిటండీ? ఇప్పుడే. బస్సు దిగి ఇప్పుడే కదా వచ్చేను."

అందరూ అమ్మాజీగారి వైపు తిరిగారు. ఆవిడ ఫోన్ చేసి అరగంట దాటింది.

"నేను విన్నానండీ, నా చెవులారా విన్నాను! ఊపిరాడట్లేదు, బాత్రూములో ఉన్నారు అని..."

"ఎవరు చెప్పగా విన్నారండీ?" సూరిబాబుగారు పడుకునే నిలదీశారు.

అమ్మాజీగారు మాణిక్యాలరావుకేసి చూసింది. మాణిక్యాలరావు ఇంటి కప్పుకేసి చూశాడు. ఇప్పుడు నిజం చెబితే బావగారికి తన పేరు ఎవరికి పెట్టారో తెలుస్తుంది. అబద్ధం చెబితే అమ్మాజీగారు పిచ్చిదవుతుంది.

అతను నోరు తెరిచేలోపే మార్తమ్మగారు కళ్ళు పెద్దవి చేసింది.

"జరగబోయేది ముందే వినిపించిందమ్మా మీకు! దర్శనమంటే ఇదే!"

అమ్మాజీగారు ఒక్క క్షణం ఆలోచించి చూసుకుంది. తలుపు సందులోంచి విన్నాననడం కన్నా ఇదే గౌరవంగా ఉంది.

"నాకు చిన్నప్పట్నుంచీ అప్పుడప్పుడు ఇలా తెలుస్తుంటాయండీ" అంది కొంగు సర్దుకుంటూ.

రాహేలు నెమ్మదిగా బాత్రూములోకి వెళ్ళింది. బకెట్లో బంగారం ఉంది. అడుగున కరగని కళ్ళుప్పు ఉంది. పక్కన తన పాత చున్నీ ఉంది. బయటికొచ్చి మొగుడికేసి ఒక చూపు చూసి, సీసాల్లో నీళ్ళు తెచ్చి బకెట్లో పోసింది.

డాక్టరు వచ్చి ఎముకలేవీ విరగలేదనీ, నడుం పట్టేసింది కనక కదలకుండా పడుకోవాలనీ చెప్పి వెళ్ళాడు. సోమవారం హర్ష వచ్చి తొట్టి బాగుచేశాడు. మంచంమీద ఎవరున్నారో చూసి, వచ్చిన నవ్వు ఆపుకోలేక గాజు తుడిచే నెపంతో అటు తిరిగిపోయాడు. అమ్మాజీగారి వాకిట్లో పరీక్షలు రాసిన పిల్లల తల్లులు, ఫలితాలు ముందే చెప్పించుకుందామని చేరారు. తాండ్ర పోతే పోయిందిలెమ్మంది ఆవిడ.

సూరిబాబుగారు హాల్లోనే ఉండిపోయారు. ఎదురుగా అక్వేరియం. రోజల్లా ఆయన చేపని చూస్తారు, చేప ఆయన్ని చూస్తుంది. ఆరోరోజు సాయంత్రం టీ తాగుతూ అన్నారు:

"బావగారూ, ఈ చేప మొహం నేనెక్కడో చూసేనండీ. బాగా తెలిసున్న మొహం."

"ఆయ్, నాకూ అలాగే అనిపిస్తూంటుందండీ" అన్నాడు మాణిక్యాలరావు, పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని.

"ఎవరంటారు?"

రాహేలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, పొయ్యిమీద ఏమీ లేకపోయినా వంటింట్లోకి వెళ్ళిపోయింది.