కొంగగారి విడుదల మహోత్సవం

"మా ప్రభుత్వం ఉండగా ఒక్క జీవి కూడా అంతరించడానికి వీల్లేదు!" అని అటవీ మంత్రిగారు మైకులో ఆజ్ఞాపించారు. శుక్రవారం నాడు పసుపుమెడ కొంగను స్వహస్తాలతో చిత్తడి నేలల్లోకి వదిలేస్తామని కూడా ప్రకటించారు. చప్పట్లు బ్రహ్మాండంగా మోగాయి.

రేంజరుగారికి మాత్రం కొంగ గురించే బెంగ. దేశం మొత్తమ్మీద ఆ జాతి కొంగలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే మిగిలాయి. దీన్ని గుడ్డులోంచి బయటపడ్డ రోజు నుంచీ కంటికి రెప్పలా పెంచింది ఆయనే. "కన్నపిల్లలకి కూడా ఇంత సేవ చెయ్యలేదు కదండీ మీరు!" అని భార్య దెప్పుతూనే ఉండేది. ఆయనకున్నది ఒకటే కోరిక. అది తన రెక్కలతో తాను ఎగిరిపోవాలి, బతకాలి.

గురువారం మంత్రిగారి పీఏ రిహార్సల్ పెట్టాడు.

"ఖాళీ బోనుతో కానిద్దాం సార్," అన్నారు రేంజరుగారు.

"నీ మొహం! రిహార్సల్ అంటే పక్కాగా ఉండాలయ్యా."

పీఏ మంత్రిగారిలా చెయ్యి ఊపి, మంత్రిగారిలా నవ్వి, బోను తలుపు తీశాడు. రిహార్సల్ సంగతి కొంగకెవరూ చెప్పలేదు. రివ్వున ఎగిరిపోయింది. రేంజరుగారు ఆనందం పట్టలేక భోరుమని ఏడ్చేశారు. పీఏ కూడా కాసేపు చప్పట్లు కొట్టి, ఉన్నట్టుండి ఆగిపోయాడు.

"మరి రేపు మంత్రిగారు ఏం వదుల్తారయ్యా?"

"అది వెళ్లిపోవడమే కదండీ మనక్కావాల్సింది?"

"వెళ్లిపోవడం కాదు. మంత్రిగారు పంపించడం!"

ఇంకేముంది, వన్యప్రాణుల్ని కాపాడే శాఖ యావత్తూ వలలు పట్టుకుని కొంగ వెంట పడింది. సిబ్బంది అంకితభావాన్ని ఎంత పొగిడినా తక్కువే. పొద్దు గూకేలోగా పట్టేశారు. ఒక రెక్క విరిగిందంతే.

శుక్రవారం మంత్రిగారు తలుపు తీశారు. కొంగ విరిగిన రెక్క ఈడ్చుకుంటూ బయటికొచ్చి, రేంజరుగారి కాళ్ల వెనక నక్కింది. మంత్రిగారు ఏమాత్రం తడబడలేదు.

"చూశారా! మా పాలనలో ఎంత సుఖంగా ఉందో, పొమ్మన్నా పోవడం లేదు!"

విడుదల దిగ్విజయమైందని సాయంత్రానికల్లా ప్రకటన వెలువడింది. బోను, మేత వెనక్కి పట్టుకుపోయారు. విడుదలైన కొంగకు అవెందుకు? రేంజరుగారు దాన్ని గుండెకు హత్తుకుని ఇంటికి తెచ్చుకున్నారు. భార్య నాలుగు తిట్లు తిట్టి, పాత దుప్పటి చింపి రెక్కకు కట్టు కట్టింది.

ఆదివారం పొద్దున్నే ఇన్‌స్పెక్టర్ తలుపు కొట్టాడు.

"అంతరించిపోతున్న పక్షిని ఇంట్లో బంధించారటగా? మంత్రిగారి కొత్త చట్టమండీ, బెయిలు కూడా లేదు."

"ఇది నిన్నమొన్న మంత్రిగారు వదిలిన కొంగే బాబూ!"

"అది హాయిగా తిరుగుతోందని ప్రభుత్వమే చెప్పింది కదండీ. ఇది వేరేది అయ్యుంటుంది."

ఇన్‌స్పెక్టర్ చాలా మర్యాదస్థుడు. రేంజరుగారిని చెప్పులు వేసుకోనిచ్చాడు. కొంగను సాక్ష్యం కింద అట్టపెట్టెలో పెట్టించి, చుట్టూ టేపు వేయించి, లక్కతో సీలు కొట్టించాడు. లోపల్నుంచి టపటపా చప్పుడవుతోంది.

"దానికి ఊపిరాడదయ్యా! రెండు చిల్లులన్నా పెట్టు, నీకు పుణ్యముంటుంది!" రేంజరుగారు రెండు చేతులూ జోడించారు.

"సీలేశాక చిల్లులు పెడితే కోర్టు ఒప్పుకోదండీ," అన్నాడు ఇన్‌స్పెక్టర్ నొచ్చుకుంటూ.