ఆరు సిలిండర్ల సారు

ఆ ఆదివారం పొద్దున రికార్డు రూము గుమాస్తా వేసుకున్న పథకం చాలా చిన్నది. వంటింటి కుళాయి నెల రోజులుగా చుక్కచుక్కగా కారుతోంది. బజారుకెళ్లి ఒక రబ్బరు వాషరు తేవాలి, బిగించాలి, పడుకోవాలి. అంతే. యాభై మూడేళ్ల మనిషి, పెళ్లి కాలేదు, పై అంతస్తులో రెండు గదుల అద్దె వాటా. శుక్రవారం సాయంత్రం ఆఫీసు వాచ్‌మన్‌తో "వస్తానోయ్" అన్నాక, మళ్లీ సోమవారం పొద్దున అదే వాచ్‌మన్‌తో "ఏంటి సంగతులు" అనేదాకా ఆయన నోటికి పని ఉండదు. గొంతు ఉందో పోయిందో చూసుకోవడానికి ఒక్కోసారి ఊరికే దగ్గుతుంటాడు.

వీధి మలుపులో ఉన్న షాపుకి వెళ్లాడు. తీరా చూస్తే అది మోటారు విడిభాగాల షాపు. బల్ల ముందు నలుగురైదుగురు నిలబడి గేరు పెట్టె గురించి గట్టిగా వాదించుకుంటున్నారు. నవ్వుకుంటున్నారు, ఒకరి వీపు ఒకరు చరుచుకుంటున్నారు. గుమాస్తా అరగంట నిలబడ్డాడు. ఒక్కరూ పలకరించలేదు. అయినా వెళ్లబుద్ధి కాలేదు. మనుషుల మాటలు అంత దగ్గరగా విని చాలా రోజులైంది మరి.

చివరికి షాపాయన తలెత్తి, "మీకేం కావాలి సార్? ఏ బండి?" అన్నాడు.

అందరూ ఒక్కసారిగా ఇటు తిరిగారు. అన్ని కళ్ల ముందు కుళాయి వాషరు అని చెప్పడానికి పాపం ఆయనకు నోరు రాలేదు. చిన్నప్పుడు మేనమామ ఒకే ఒక్కసారి ఎక్కించుకుని తిప్పిన పాత కారు గుర్తొచ్చింది. దాని గురించి మేనమామ గొప్పగా చెప్పిన ముక్కలన్నీ గడగడా బయటికొచ్చేశాయి.

"పాత స్పోర్ట్స్ కారండీ. ఆరు సిలిండర్లు, జంట కార్బురేటర్లు. ఇంజన్ పోయింది. తయారైన ఇంజన్ కొనాలా, విడిభాగాలు తెచ్చి కట్టించుకోవాలా అని ఆలోచిస్తున్నాను."

వెంటనే ఎవరో స్టూలు లాగి, చేత్తో తుడిచి, "కూర్చోండి సార్" అన్నారు.

"ఇందులో ఆలోచించేదేముందండీ? కొనెయ్యండి!" అన్నాడు షాపాయన. "పరీక్ష చేసిన ఇంజన్ పెట్టెలో వచ్చేస్తుంది. దించడం, బిగించడం, తాళం తిప్పడం. నాకు తెలిసినాయన దగ్గర ఒకటుంది కూడా."

మూలన కూర్చున్న బక్కపల్చటి పెద్దాయన ఫక్కున నవ్వాడు. ఆయన లేత్ మేస్త్రి. తిరిగే యంత్రం మీద ఇనుము చెక్కి ఇంజన్ భాగాలు చేయడంలో పేరున్నవాడు.

"పెట్టెలో వచ్చేదాని కడుపులో ఏముందో ఎవరికి తెలుసు మాస్టారూ? కట్టించుకోవాలి. ఆరు పిస్టన్లూ గ్రాము తేడా లేకుండా తూచి వేసుకోవాలి. పాత ఇంజన్ దిమ్మ మీదున్న నంబరుకీ కారు నంబరుకీ పొత్తు కుదరాలి. లేకపోతే అది ఆ కారెలా అవుతుంది?"

"ఈయన కట్టేసరికి సారుకి పళ్లూడిపోతాయి."

"ఈయన అమ్మింది బిగిస్తే ఇంజనే ఊడిపోతుంది!"

మిగతావాళ్లు బ్రేకు తీగలూ బల్బులూ పట్టుకుని వెళ్లిపోయారు గాని, ఆ ముగ్గురూ మధ్యాహ్నం దాకా కదల్లేదు. వెళ్లేటప్పుడు షాపాయన, "వచ్చే ఆదివారం రండి, ఆరు సిలిండర్ల సారూ" అన్నాడు. గుమాస్తాకు జీవితంలో ఎవరైనా పెట్టిన మొదటి ముద్దు పేరు అది. ఇంటికొచ్చి దాన్ని రెండుసార్లు పైకే అనుకున్నాడు.

తర్వాతి ఆదివారం నిజం చెప్పేసి క్షమాపణ అడుగుదామనే బయల్దేరాడు. వెళ్లేసరికి ఆయన స్టూలు తుడిచి సిద్ధంగా ఉంది. ఇంకేం చెప్తాడు? కూర్చున్నాడు. ఆ వారం లైబ్రరీకి వెళ్లి ఇంజన్ల పుస్తకాలు నాలుగు తెచ్చుకున్నాడు. ఒక వారం "కొనడమే మేలేమో" అనేవాడు, మేస్త్రి మండిపడేవాడు. ఇంకో వారం "కట్టించుకుంటేనే సొంతమేమో" అనేవాడు, షాపాయన తల బాదుకునేవాడు. ఒక విషయం మాత్రం ఆయనకు స్పష్టంగా తెలుసు. ఏదో ఒకటి తేల్చి చెప్పిన రోజున ఆ స్టూలు ఇంకొకరిదైపోతుంది. తనకు మళ్లీ కుళాయి చప్పుడే మిగులుతుంది. ఆ భయంతోనే నాలుగు నెలలు గోడ మీద పిల్లిలా కూర్చున్నాడు.

కొంప ముంచింది ఆయన మొహమాటమే. ఒక ఆదివారం షాపాయన ఫ్లాస్కులోంచి టీ పోసి, "నాకొక్కడికే చెప్పండి సారూ, కొనడమేగా?" అని బతిమాలాడు. అంత ఆప్యాయంగా అడిగితే కాదనడం ఎలా? "మీరు చెప్పాక కాదంటానా" అన్నాడు. అదే రోజు మేస్త్రి ఇంటిదాకా తోడొచ్చి, "కట్టించడమేగా మాస్టారూ?" అన్నాడు. తోడు వచ్చిన మనిషిని నొప్పించడం ఎలా? "మీ మాటే నా మాట" అన్నాడు. "కారెక్కడ?" అంటే, తనకు వాటా అద్దెకిచ్చిన ఇంటావిడది, మేడ కింద తాళం వేసున్న షెడ్డు చూపించి, "అందులోనే" అన్నాడు. మేస్త్రి తలుపు సందులోంచి చూడబోతే, చెయ్యి పట్టుకుని పక్కకు లాగాడు. మేస్త్రి చేతి గోళ్లు మసి లేకుండా తెల్లగా ఉండటం చూసి, ఎంత శుభ్రమైన పనివాడో అనుకున్నాడు.

మేస్త్రి ఆ మాట షాపాయనతో గొప్పగా చెప్పుకున్నాడు. షాపాయనకు రోషం వచ్చింది.

ఆ తర్వాతి ఆదివారం ఎనిమిదింటికి ఇంటి ముందు ట్రాలీ ఆటో ఆగింది. పెద్ద చెక్క పెట్టెను డ్రైవరు ఒక్కడే దించి వెళ్లిపోయాడు. వెనకాలే స్కూటరు మీద షాపాయన వచ్చి, "ఇంజన్ వచ్చేసింది సారూ! కారులో బిగించే రోజుదాకా సీలు విప్పకూడదు" అని కేకేశాడు. అవతలి వైపు నుంచి మేస్త్రి కొలత పరికరాల సంచీతో వచ్చాడు.

"ఆ పెట్టె వెనక్కి తీసుకుపో! సారు నాకు మాటిచ్చారు."

"నాకిచ్చారయ్యా మాట! అడుగు!"

గుమాస్తా చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ మెట్లు దిగాడు. ఈలోగా ఇంటావిడ బయటికొచ్చింది.

"పొద్దున్నే ఏంటీ గోల?"

"షెడ్డు తీయించండమ్మా. ఇంజన్ పట్టే చోటు కొలవాలి, సారుగారి కారుకి" అన్నాడు మేస్త్రి.

"కారా? నాకు చెప్పకుండా నా షెడ్డులో కారు పెట్టావా బాబూ?"

"అది కాదు అక్కయ్యగారూ... తాళంచెవి పోయిందన్నారుగా మీరు..."

"ఎవరన్నారు? నా కొంగుకే ఉంది!"

తలుపులు తెరుచుకున్నాయి. ఒక విరిగిన మంచం, రెండు ట్రంకు పెట్టెలు, బోలెడు దుమ్ము. ఇంటావిడ మంచం కింద కూడా వంగి చూసింది.

"కారేది బాబూ?"

"లేదు" అన్నాడు గుమాస్తా. ఇంక దాచడానికేమీ మిగల్లేదు. "ఎప్పుడూ లేదు. నేనొచ్చింది కుళాయి వాషరు కోసం. మీరు స్టూలు వేశారు. కూర్చున్నాను. ఇంటికెళ్తే మాట్లాడేవాళ్లు లేరండీ. మీరిద్దరూ నా గురించి పోట్లాడుకుంటుంటే, నాకూ మనుషులున్నారనిపించింది. తప్పే. క్షమించండి."

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. షాపాయన మాత్రం భగ్గుమన్నాడు. "ఎంత మోసం! ఇంత బరువైన ఇంజన్ తెప్పించానే!"

"నాలుగు నెలలు నా నోరు అరగదీయించారు!" అంటూ మేస్త్రి కోపం పట్టలేక పెట్టెను ఒక్క తన్ను తన్నాడు. పెట్టె రెండడుగులు జరిగింది.

నలుగురూ పెట్టె వంక చూశారు. మేస్త్రి దాన్ని ఒంటి చేత్తో ఎత్తి చూసి, నెమ్మదిగా దించాడు. "ఏమయ్యా, నీ ఇంజన్ ఉపవాసం ఉందా?"

మేస్త్రి సీలు విప్పితే లోపల పాత పేపర్లూ, తుప్పు పట్టిన సైలెన్సరు గొట్టం ఒకటీ ఉన్నాయి. "ఆ తెలిసినాయన పోయి తొమ్మిదేళ్లయింది" అన్నాడు షాపాయన గొణుగుతూ. "బల్బు, హారను అంటారు, పట్టుకుపోతారు. ఇంజన్ గురించి అడిగే మనిషే లేడు. ఈయన అడిగేసరికి ప్రాణం లేచొచ్చింది." అంతలోనే తల విదిల్చి, "నన్నంటావా? నీ లేత్ చూపించు, పద!" అన్నాడు.

మేస్త్రి చాలాసేపు సంచీ మూతి సర్దుకున్నాడు. "చూపు ఆనక లేత్ అమ్మేశా. ఆరేళ్లవుతోంది" అన్నాడు. "కొలతలు తీయడంతోనే ఏడాది లాగొచ్చనుకున్నా."

నాలుగు నెలల వాదనంతా లేని కారు, లేని ఇంజను, లేని లేత్ గురించే. ముగ్గురూ పెట్టె మీద కూలబడ్డారు. ఎవరి ముఖం ఎవరూ చూడలేదు. ఇంక వెళ్లిపోతారు అనుకున్నాడు గుమాస్తా. పై నుంచి టప్, టప్ అని వినిపిస్తోంది.

"ఏంటా చప్పుడు?" అన్నాడు మేస్త్రి.

"ఆ కుళాయే. ఇంకా బాగు చేయలేదు."

"రబ్బరు వాషరెంత సేపండీ, కొనెయ్యండి" అన్నాడు షాపాయన, నేల చూపులు చూస్తూనే.

మేస్త్రి దిగ్గున లేచాడు. "కొనడమేంటయ్యా? బజారు వాషరు ఏ కుళాయికైనా సరిగ్గా పట్టి చచ్చిందా? లోపలి కొలత తీసి, మంచి ట్యూబు ముక్క కోసుకోవాలి!"

"నువ్వు కోసేసరికి ఇల్లు మునుగుతుంది!"

"నువ్వు కొన్నది వేస్తే వీధి మునుగుతుంది! పదండి మాస్టారూ, ముందు కుళాయి చూపించండి."

సంచీ భుజానేసుకుని మేస్త్రి మెట్లెక్కాడు, తిట్టుకుంటూ వెనకాలే షాపాయన ఎక్కాడు. గుమాస్తా కళ్లు తుడుచుకుని, ఇంట్లో ఉన్నది ఒక్క గ్లాసేనని గుర్తొచ్చి, ఇంటావిడను ఇంకో రెండు అడిగాడు.

ఇది జరిగి ఐదు ఆదివారాలైంది. వాషరు కొనాలా, కోసుకోవాలా అన్నది ఇంకా తేలలేదు గాని, కుళాయి కింద పెట్టుకోమని ఇంటావిడ ఇంకాస్త పెద్ద బకెట్టు ఇచ్చింది.