తనిఖీ నాటి చుట్టం

ఆ ఉదయం లాండ్రీ యజమాని వేసుకున్న ప్రణాళిక చాలా సాదాసీదాది: పింఛను ఇన్‌స్పెక్టరు వచ్చేలోగా పదిమంది పనివాళ్లను తొమ్మిదిమందిగా చూపించడం. పాత నిబంధన ప్రకారం ఇరవైమంది ఉన్న సంస్థలే పింఛను నిధి పెట్టి, యజమాని వాటా జమ చేయవలసి వచ్చేది. కొత్త సవరణ ఆ సంఖ్యను పదికి దించింది. జీతం పుచ్చుకునే బంధువులను కూడా లెక్కలో చేర్చమంది. చట్టానికి బుద్ధి రావడానికి ఇంతకాలం పట్టింది. యజమానికి ఇంకా రావలసే ఉంది.

పదో మనిషి అతని మేనత్త. భర్త పోయాక మేనల్లుడి పంచన చేరి, దుకాణం తెరిచిన నాటినుంచి కౌంటరు నడుపుతున్న మనిషి. నెలనెలా అతను ఇచ్చే సొమ్మును ఆమె జీతం అనేది. అతను చేతిఖర్చు అనేవాడు. మోకాళ్లు మొరాయించిన రోజున ఈ రెండు మాటల మధ్య ఎంత దూరముందో తేలుతుందని ఆమె ఎరుగును. అందుకే సవరణ వార్తను ఒకటికి రెండుసార్లు చదువుకుని, ఆ రోజు దాచుకున్న మంచి బట్టలు కట్టుకుని వచ్చింది.

"అత్తా, ఇవాళ నువ్వు చుట్టానివి" అన్నాడు అతను, గోడవార కుర్చీ వేస్తూ. "ఊరికే చూసిపోదామని వచ్చావన్నమాట."

"చుట్టాన్నా?"

"ఒక్క పూటేగా! ఇన్‌స్పెక్టరమ్మ వెళ్లిపోగానే నీ కౌంటర్ నీదే."

మేనత్త అతన్ని ఎగాదిగా చూసి, కుర్చీలో కూర్చుంది. చీర కుచ్చిళ్లు సర్దుకుని, "గుమ్మంలోకొచ్చిన చుట్టానికి మంచినీళ్లయినా ఇవ్వరేమర్రా?" అంది.

మంచినీళ్లు వచ్చాయి. వెనకే టీ వచ్చింది. టీలో పంచదార చాలలేదు. నడుముకు దిండు కావలసివచ్చింది, కాళ్లకు పీట కావలసివచ్చింది. ఈ పరుగులన్నీ ఇస్త్రీ మేస్త్రీ మీద పడ్డాయి. అతన్ని అందరూ 'నిదానం' అని పిలుస్తారు. పరుగు ఎలా సాగిందో వేరే చెప్పనక్కరలేదు. అతను పీట వెతుకుతుండగా, ఇస్త్రీపెట్టె కింద మరిచిపోయిన కోటు పొగలు కక్కింది.

కౌంటరులో యజమానే నిలబడ్డాడు. ఎవరూ అతని చేతికి మూట ఇవ్వలేదు. వచ్చినవాళ్లు వచ్చినట్టు గోడవారకే వెళ్లారు.

"ఏమ్మా, ఒంట్లో బాలేదా?"

"దుక్కలా ఉన్నాను. చుట్టాన్నయ్యాను, అంతే."

"అదేంటి, ఎప్పట్నించి?"

"పొద్దున్నించి. ఎందుకో వాడినే అడగండి."

అడిగితే అతను నీళ్లు నమిలాడు. అతను చెప్పని సంగతులు వీధి నమిలింది. వీధి చివరికి చేరేసరికి కథ స్థిరపడిపోయింది: మేనత్తను పనిలోంచి వెళ్లగొట్టాడట! సొంత మేనత్తనే గెంటినవాడు పరాయివాళ్ల బట్టలు పదిలంగా చూస్తాడా? అందరూ మూటలు వెనక్కి పుచ్చుకోవడానికి ఎగబడ్డారు. తడిబట్టలైనా సరే ఇచ్చేయమన్నారు.

"నువ్వైనా కాస్త కౌంటర్లో కూర్చోవే" అని యజమాని తన భార్యను బతిమాలాడు.

"బాగుంది! రేపు నన్నూ చుట్టాన్ని చేస్తారు" అని ఆవిడ లోపలికి వెళ్లిపోయింది.

గత్యంతరం లేక అతను పక్కకొట్టు దర్జీని రోజుకూలికి కౌంటరులో నిలబెట్టాడు. మూటలు మోయడానికి దర్జీ బావమరిదిని పెట్టాడు. సరిగ్గా ఆ సమయంలో ఇన్‌స్పెక్టరమ్మ జనాన్ని తప్పించుకుంటూ లోపలికి వచ్చి, పనిచేస్తున్నవాళ్లను వేలు చూపిస్తూ లెక్కపెట్టింది.

"పదకొండు."

"పక్కకొట్టు దర్జీ, వాళ్ల బావమరిది ఇందాకే వచ్చారండీ!"

"ఇందాక వచ్చినా పనివాళ్లే కదండీ. తనిఖీ రోజున పనిలో ఉన్నవాళ్లంతా లెక్కే. ఒకసారి లెక్కలోకొచ్చిన దుకాణం, రేపు మనుషుల్ని తగ్గించినా బయటికి పోదు." ఆమె చూపు గోడవారకు మళ్లింది. "మీరెవరమ్మా?"

"చుట్టాన్ని."

"ఎప్పుడొచ్చారు?"

"వీడు దుకాణం పెట్టిన రోజున."

"మరి ఎప్పుడు వెళ్తారు?"

"వీడు పొమ్మన్నప్పుడు."

ఇన్‌స్పెక్టరమ్మ యజమాని వైపు చూసింది. "అంటే ఇందాక వచ్చిన దర్జీగారికి పింఛను లెక్క మొదలవుతుంది. ఈవిడకు అవదు. అలాగే రాయమంటారా?"

దర్జీ సంతోషంగా తలూపాడు. యజమాని ఊపలేదు. గోడవార కూర్చున్న ఆమె ఇప్పుడు అతన్ని చూడటం లేదు. ఒళ్లో చేతులు పెట్టుకుని వాటినే చూసుకుంటోంది. ఏళ్ల తరబడి అతని మూటలు విప్పి కట్టిన చేతులవి. బయట ఎవరో "నా కోటేదయ్యా?" అని అరిచారు.

"అత్తా, ఒక్కసారి లేవవే" అన్నాడు హీనస్వరంతో.

"చుట్టం చేత పని చేయిస్తే లోకం నవ్వుతుందిరా."

"చుట్టం కాదు మేడమ్" అన్నాడతను, ఈసారి వీధికి కూడా వినిపించేలా. "మా ఉద్యోగి. మొదటి రోజు నుంచీ."

"నెలనెలా ఇచ్చేది చేతిఖర్చా?" అని మేనత్త అడిగింది.

"జీతమే తల్లీ, జీతమే! రాసుకోండి మేడమ్."

ఇన్‌స్పెక్టరమ్మ రాసుకుంది. మేనత్త లేచి, మోకాళ్లు సవరించుకుని, "చుట్టం వెళ్లిపోయిందిరా" అంటూ కౌంటరు వైపు నడిచింది. మూటలు తీసుకుపోవడానికి వచ్చిన జనం వాటిని మళ్లీ బల్లమీద పెట్టసాగారు.

చుట్టం వెళ్లిపోయినందుకు ఆ యజమాని సంతోషించడం అది మొదటిసారి కాదు. కానీ వెళ్లిన చుట్టానికి పింఛను కూడా కట్టడం మాత్రం అదే మొదలు.