ఒక్కొక్కరుగా రావలెను

మా పట్నంలో కార్మిక సంఘం అవసరం లేదని ఇటీవల ఏకగ్రీవంగా తేలిపోయింది. ఈ మేరకు పవర్‌లూమ్ యజమానుల సంఘం ప్రవేశపెట్టిన తీర్మానాన్ని వస్త్ర వ్యాపారుల సంఘం బలపరచగా, రైస్ మిల్లర్ల సంఘం, ఫంక్షన్ హాళ్ల యజమానుల సంఘం, డీజే బాక్సుల ఓనర్ల సంఘం చప్పట్లతో ఆమోదించాయి. సంఘాల వల్ల మనుషులు చెడిపోతున్నారని వక్తలందరూ తమ తమ సంఘాల తరఫున ఆవేదన వ్యక్తం చేశారు. పెన్షనర్ల సంఘం ఉపాధ్యక్షుడి హోదాలో నేను కూడా వేదిక మీద కూర్చుని, శాలువా కప్పించుకుని, అవునన్నట్టు తల ఊపాను. రిటైరైన తెలుగు పంతులుని కాబట్టి తీర్మానంలో తప్పులు దిద్దే గౌరవం కూడా నాకే దక్కింది.

ఆనాటి ముఖ్యవక్త పరశురాములు సేటు. కరీంనగర్ నుంచి హుజూరాబాద్ పోయే దిక్కు, మా పట్నం చివర ఉన్న పెద్ద మగ్గాల షెడ్డు ఆయనదే. యజమానుల సంఘానికి అధ్యక్షుడు, కులసంఘానికి గౌరవాధ్యక్షుడు. పోయిన కార్తీకంలో కులసంఘం వనభోజనాలప్పుడు, కలిసి ఉండని జాతి బాగుపడదని మైకు పట్టుకుని కంటతడి పెట్టింది ఆయనే. ఆయన షెడ్డులో పనిచేసేవాళ్లు చాలామంది అదే కులం వాళ్లు. ఆ రోజు వాళ్లు కూడా కంటతడి పెట్టారు, వడ్డిస్తూనే.

"మన షెడ్డంటే ఫ్యాక్టరీ కాదు, ఒక కుటుంబం," అన్నాడు సేటు సభలో. "కుటుంబంల యూనియన్ ఉంటదా? మా ఇంట్ల నేనున్న, మా ఆమె ఉన్నది, బిడ్డ ఉన్నది, అత్తమ్మ ఉన్నది. మేం యూనియన్ పెట్టుకున్నమా? గా బొగ్గుబాయిలోళ్లు ఏమంటరు, వారానికో సెలవు మా యూనియన్ కొట్లాడి తెచ్చిందంటరు. నమ్మకున్రి. ఆదివారం ఎప్పటిసందో ఉన్నది."

ఈ చారిత్రక సత్యానికి సభ చాలాసేపు చప్పట్లు కొట్టింది. అంతకుముందు ఎండాకాలం ఆయన భార్య పద్మలత, కూతురు అమూల్య, అత్తగారు ముగ్గురూ ఒక్కమాట మీద నిలబడి, పొయ్యి ముట్టించకుండా, టీవీ రిమోట్ దాచిపెట్టి, ఇంట్లో ఏసీ పెట్టించుకున్న సంగతి మా అందరికీ తెలుసు. కాని అది వాళ్ల ఇంటి విషయం. పెద్దమనుషుల ఇంటి విషయాలు సభలో ఎత్తడం మర్యాద కాదు.

ఇంత సజావుగా ఉన్న ఊళ్లో ఒక చిన్న చిక్కు వచ్చిపడింది. అనసూర్య అనే ఆమెకు డాక్టరు నీళ్లు తాగమని చెప్పాడు.

అనసూర్య సేటు షెడ్డులో కండెలు చుడుతుంది. మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే నూలు కండెలు అన్నమాట. కడుపులో నొప్పి వస్తే పెద్దాసుపత్రికి పోయింది. అక్కడ డాక్టరు, నువ్వు పొద్దంతా నీళ్లు తాగుతలేవు, ఇట్లనే ఉంటే కిడ్నీలు పాడైతయి అన్నాడు. డాక్టరుకు లోకజ్ఞానం తక్కువ. సేటు షెడ్డులో ఆడవాళ్లకు బాత్రూం లేదు. మగవాళ్లకు కాలువ గట్టు ఉంది. ఆడవాళ్లకు ఓర్పు ఉంది. అందుకే కండెలు చుట్టే ఆడవాళ్లెవరూ పనికి వచ్చేముందు నీళ్లు ముట్టరు, వచ్చాక అసలే ముట్టరు. షెడ్డులో తాగునీటి కుండ మాత్రం ఎప్పుడూ నిండుగా, చల్లగా ఉంటుంది. కార్మిక సంక్షేమానికి నిదర్శనంగా దాన్ని వచ్చినవాళ్లందరికీ సేటు చూపిస్తాడు.

అనసూర్య తన బాధ చెప్పుకోవడానికి సేటు గదికి బయలుదేరింది. తోడుగా కిష్టవ్వ లేచింది. కిష్టవ్వ షెడ్డులో అందరికంటే పెద్దది, నోరు కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. కాని గది తలుపు మీద బోర్డు ఉంది: "మా తలుపులు కార్మికులకు ఎల్లప్పుడూ తెరిచియుండును. ఒక్కొక్కరుగా రావలెను. ఇద్దరు కలిసి వచ్చిన యెడల సంఘముగా పరిగణించబడును." ఆ భాష నాదే. 'యెడల' దగ్గర సేటు ముచ్చటపడి నాకు చాయ్ తెప్పించాడు. కిష్టవ్వ వెనక్కి తగ్గి, అనసూర్య ఒక్కతే లోపలికి పోయింది.

"బాత్రూమా?" అన్నాడు సేటు నిజంగానే ఆశ్చర్యపోయి. "ఇంతమంది ఆడోళ్లున్నరు, ఒక్కలన్న అడిగిండ్రా? నీ ఒక్కదానికే వచ్చిందా కష్టం? అనసూర్యా, నాకేమో నీ ఒంట్లనే ఏదో తేడా ఉన్నట్టు అనిపిస్తుంది. జర మంచి డాక్టరుకు చూపించుకో."

ఆమె తలవంచుకుని వచ్చేసింది. నా ఒక్కదానికేనేమో, నలుగురిలో పరువు పోయిందనుకుంది పాపం. తర్వాత కిష్టవ్వ పోయింది. సేటు ఆమెకూ అదే శ్రద్ధతో, నీ ఒక్కదానికే వచ్చిందా కష్టం అని చెప్పాడు. ఆ తర్వాత వాళ్లతోపాటే కండెలు చుట్టే కావ్య పోయింది. ఆమె కూడా లోకంలో ఆ ఇబ్బంది ఉన్న ఏకైక స్త్రీ అని తేలింది. ఇలా ఒక్క షెడ్డులోనే ఇందరు ఏకైక స్త్రీలు ఉండటం మా పట్నానికే గర్వకారణం.

మధ్యాహ్నం సద్ది విప్పుకునేటప్పుడు, సేటు అందరికీ ఒక్కటే మాట చెప్పాడని బయటపడింది. కిష్టవ్వ అందుకుంది. "మా అల్లుడు మంచిర్యాల దిక్కు బొగ్గుబాయిల పనిచేస్తడు. ఏసుకునే బూట్ల కాడికెంచి బాయిలకెంచి పైకెక్కినంక తానానికి నీళ్ల దాక అన్ని కొట్లాడి తెచ్చుకున్నమంటడు. ఆళ్లు భూమి లోపట ఉండి తెచ్చుకున్నరు. మనం భూమి మీద ఉండి ఉచ్చ ఆపుకుంటున్నం." ఈ మాట అసభ్యంగా ఉన్నందుకు పాఠకులు క్షమించాలి. పరిస్థితి కూడా కొంత అసభ్యంగానే ఉంది.

మర్నాడు ఆడవాళ్లందరూ నిబంధన ప్రకారమే ఒక్కొక్కరుగా వచ్చారు. ఒకరి వెనక ఒకరు వచ్చారు. వరస సేటు గది నుంచి గేటు దాకా పోయింది. కండెలు చుట్టేవాళ్లు లేక మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. సేటు కంగారుపడి యజమానుల సంఘానికి ఫోన్ చేశాడు. వరస కూడా సంఘమే అవుతుందని, అయితే మనిషికీ మనిషికీ మధ్య తగినంత ఎడం ఉంటే కాదని సంఘం అభిప్రాయపడింది. వెంటనే సూపర్‌వైజర్ రంజిత్‌కు బట్ట కొలిచే గజం కర్ర ఇచ్చి గేటు దగ్గర నిలబెట్టారు. రంజిత్ డిగ్రీ చదివిన పిల్లవాడు. ఆ కర్రతో ఆడవాళ్ల మధ్య గాలిని కొలుస్తూ చాలా కష్టపడ్డాడు.

తర్వాత నిబంధనలు సహజంగానే పెరిగాయి. ఒకే గొడుగు కింద ఇద్దరు రావడం నిషేధించారు. చాయ్ తాగేటప్పుడు ఎవరి గోడకు వాళ్లు తిరిగి తాగాలన్నారు. ఒకరు తుమ్మినప్పుడు ఇంకొకరు చిరంజీవ అనడం సంఘీభావం కిందికి వస్తుందని రంజిత్ ఆపించాడు. అదే షెడ్డులో మగ్గం నడిపే వెంకటేశ్, కండెలు చుట్టే కావ్య మొగుడూ పెళ్లాలు. వాళ్లు ఒకే బండి మీద రావడం సేటు దృష్టికి వచ్చింది. ఇకనుంచి వెంకటేశ్ బండి మీద, కావ్య ఆటోలో రావాలని ఆదేశించారు. ఇంట్లో కలిసి ఉండటానికి యాజమాన్యానికి అభ్యంతరం లేదు. బట్టలో పోగులు మాత్రం ఇంకా కలిసే ఉంటున్నాయి. ఆ విషయం ప్రస్తుతం పరిశీలనలో ఉంది.

అంతలో బతుకమ్మ వచ్చింది.

సేటు షెడ్డు ఆవరణలో పండుగ మొదటి రోజు, ఎంగిలిపూల నాడు బతుకమ్మ ఆడటం ఆయన తండ్రి నాటి నుంచి ఉన్న ఆనవాయితీ. కరీంనగర్లో ఉండే పద్మలత ఆ ఒక్క రోజు కారులో వచ్చి, అందరి నడుమ ఆడి పోతుంది. ఇప్పుడు చిక్కేమిటంటే, బతుకమ్మ ఒక్కరు ఆడేది కాదు. యజమానుల సంఘం అత్యవసరంగా సమావేశమై, ఒక్కొక్కరు వచ్చి పూల చుట్టూ తిరిగి, తమ చప్పట్లు తాము కొట్టుకుని పోవాలని సూచించింది. రంజిత్ నమూనా చూపించడం కోసం తనే ఒక చుట్టు తిరిగాడు. అప్పుడే కారు దిగి అది చూసిన పద్మలత మొగుడికి ఫోన్ చేసింది.

"గౌరమ్మ సుట్టూ ఒక్కతే తిరిగితే మంచిదేనా? నీ సంఘపోళ్ల ఇండ్లల్ల గట్లనే ఆడుతున్నరా? ఆ కర్ర పిలగాన్ని ముందుగాల లోపటికి పొమ్మను."

పది నిమిషాల్లో సడలింపు ఉత్తర్వు వచ్చింది. బతుకమ్మ చుట్టూ చేరే గుంపు దైవకార్యం కింద వస్తుందని, కార్మిక చట్టాల కింద రాదని తేల్చారు. సేటు ఆ ఉత్తర్వు ఫోన్‌లో చెప్పేసి, పద్మలతను దింపిన కారునే తెప్పించుకుని హుజూరాబాద్‌లో జరిగే యజమానుల ఐక్యతా సదస్సుకు వెళ్లిపోయాడు. యజమానులు ఒక్కొక్కరుగా పోయి అడిగితే కరెంటు రాయితీ ఎవరూ ఇవ్వరట. అందుకని అందరూ కలిసి పోతున్నారు.

తంగేడు, గునుగు, బంతి పూలతో బతుకమ్మలు పేర్చి, పసుపు గౌరమ్మను నిలిపారు. ఎండ ఇంకా తగ్గలేదు. పద్మలత వచ్చిన మర్యాదకు షెడ్డువాళ్లు ఆమెకు షర్బత్ ఇచ్చారు, చాయ్ ఇచ్చారు, కొబ్బరిబొండం కొట్టి ఇచ్చారు. ఆ చల్లని కుండలోని నీళ్లు కూడా ఆమె రెండుసార్లు అడిగి తాగింది. తర్వాత ఆట మొదలైంది. కిష్టవ్వ పాట ఎత్తుకుంది.

*కండెలు సుట్టేటి ఉయ్యాలో*
*అక్కసెల్లెండ్లము ఉయ్యాలో*
*కుండల నీళ్లాయె ఉయ్యాలో*
*గొంతుల ఎండాయె ఉయ్యాలో*
*తాగితె యాడికి ఉయ్యాలో*
*తలుపు లేనిదాయె ఉయ్యాలో*

ఒకరు పాట ఎత్తుకుంటే మిగతావాళ్లు ఉయ్యాలో అనాలి. అది కట్టుబాటు. పద్మలత చిన్నప్పటి అలవాటు కొద్దీ అందరికంటే గట్టిగా అంటూ, చప్పట్లు కొడుతూ తిరిగింది. అలా తన భర్త షెడ్డు మీద వచ్చిన ఫిర్యాదును ఆమె వరస తప్పకుండా బలపరిచింది. మూడో చుట్టులో ఆమె నడక మెల్లబడింది. నాలుగో చుట్టులో ఆగిపోయింది. పక్కనున్న అనసూర్య చెవి దగ్గరికి వంగి అడిగింది.

"బాత్రూం యాడున్నది?"

చుట్టూ తిరుగుతున్న ఆడవాళ్లందరూ ఒక్క గొంతుతో జవాబిచ్చారు: "ఉయ్యాలో."

కారు హుజూరాబాద్‌లో ఐక్యతలో ఉంది. ఇల్లు కరీంనగర్లో ఉంది. కాలువ గట్టు మీద మగవాళ్లు ఉన్నారు. పద్మలత మొహంలో రంగులు మారడం అనసూర్య చూసింది. ఆమెకు కోపం రాలేదు, జాలి వేసింది. ఎందుకంటే ఆ నొప్పి ఎట్లా ఉంటుందో అక్కడ ఆమె కంటే బాగా తెలిసినవాళ్లు లేరు. "రాండ్రి అమ్మా," అని చెయ్యి పట్టుకుని, వెనకనున్న కందిచేను దిక్కు నడిపించింది. చుట్టూ ఆడవాళ్లు తమ తమ బతుకమ్మ చీరల కొంగులు పట్టి అడ్డుగోడగా నిలబడ్డారు. రంజిత్ అలవాటు చొప్పున, ఒక్కొక్కరుగా పోవాలె అనబోయి, కిష్టవ్వ మొహం చూసి గజం కర్ర చెట్టుకు ఆనించాడు.

ఆ రాత్రి సేటు ఇంట్లో ఏం జరిగిందో నాకు తెలియదు. ఏసీ నాటి పద్ధతే నడిచిందని, ఈసారి అత్తగారు ముందు నిలిచారని విన్నాను. పండుగ చివరి రోజు, సద్దుల బతుకమ్మ నాటికి షెడ్డు వెనక ఆడవాళ్లకు బాత్రూం లేచి నిలబడింది. టైల్స్ కూడా వేశారు.

ప్రారంభోత్సవానికి సంఘాలన్నీ వచ్చాయి. సేటు రిబ్బను కత్తిరించాడు. "చూసిన్రు కదా," అన్నాడు మైకు అందుకుని. "ఎవ్వలూ కొట్లాడలే, ఎవ్వలూ జెండా పట్టలే. యూనియన్ లేకుంటనే బాత్రూం వచ్చింది. కుటుంబమంటే గిది." అనసూర్య అందరి ముందర పెద్ద చెంబుతో నీళ్లు తాగింది. ఆపకుండా తాగింది. చప్పట్లు కొట్టాల్సిన చోట ఆడవాళ్లు ఉయ్యాలో అన్నారు. బాత్రూం తలుపు మీద బోర్డు ఉంది, అది కూడా నేను రాసిందే. "ఒక్కొక్కరుగా రావలెను." ఆ నిబంధన సరైన చోటికి చేరిందని నాకు సంతృప్తి కలిగింది.

పండుగ పోయినా షెడ్డులో బతుకమ్మ ఆగలేదు. రేకుల కింద ఫ్యాన్లు కావాలని ఆడవాళ్లు మొన్న మళ్లీ బంతిపూలు పేర్చారు. ఈసారి వెంకటేశ్‌తో సహా మగవాళ్లు కూడా ఉయ్యాలో అన్నారు. కాలం కాని కాలంలో ఆడే బతుకమ్మ సంఘం కిందికి వస్తుందా రాదా అని యజమానుల సంఘం న్యాయసలహా తీసుకుంటోంది.

ఇంతలో నవంబరు వచ్చింది. మేము బతికే ఉన్నామని ఏటా పోయి చూపించుకోవాల్సిన నెల అది. మాకు పెన్షన్ ఇచ్చే ట్రెజరీ కార్యాలయంలో ముసలివాళ్లకు కుర్చీల్లేవు, నిలబడి నిలబడి కాళ్లు వాస్తున్నాయి. అందుకని మా పెన్షనర్ల సంఘం బ్యానరు కట్టి గేటు ముందు బైఠాయించింది. ముందు వరసలో శాలువాతో నేనున్నాను. పనికి పోతున్న అనసూర్య నీళ్ల బాటిల్ చేతపట్టుకుని ఆగింది.

"సారూ, మీరు సదువుకున్నోళ్లు కదా, గింతమంది ఒక్కటే సారి వచ్చిన్రేంది? ఒక్కొక్కలు పోయి అడిగితే కుర్చీ ఎయ్యరా?"

ఆమె వెక్కిరించలేదు, తెలుసుకోవడానికే అడిగింది. మాది వేరమ్మా అన్నాను. ఎట్లా వేరో రాబోయే సర్వసభ్య సమావేశంలో ఏకగ్రీవంగా తీర్మానించి ఆమెకు తెలియజేస్తాం. ఈ విషయంలో పాఠకులు కూడా తమ అభిప్రాయాలను తమ తమ కాలనీ సంఘాలు, ఉద్యోగ సంఘాలు, కులసంఘాల ద్వారా పంపగలరు. ఒక్కొక్కరుగా రాసిన ఉత్తరాలు మాత్రం పరిశీలించబడవు.