బట్టలుతికే గదిలో డ్రమ్స్

ఆ శనివారం పొద్దున్న ఎలియాస్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పక్క ఊరు వీస్‌లోక్ వెళ్ళి పాత డ్రమ్ సెట్టు ఒకటి చూడటం, నచ్చితే కారులో వేసుకుని భోజనం వేళకు జర్మనీలోని వాల్డార్ఫ్‌లో తమ ఇంటికి చేరడం.

అమలాపురంలో ఉండగా చర్చిలో డ్రమ్స్ వాయించేవాడినని తెలుగు ఫెలోషిప్‌లో అతను మాటవరసకు అన్నాడు. అనకుండా ఉండాల్సింది. హైడెల్‌బర్గ్‌లో ఒక హాలు తీసుకుని నెలకోసారి కూడుకునే ఆ ఫెలోషిప్‌కు పెద్ద పౌలురాజు. ఫోనులోంచి వచ్చే తాళానికి పాటలు పాడి పాడి విసిగిపోయిన మనిషి. "అయితే ఈ క్రిస్మస్‌కి నువ్వే వాయిస్తున్నావు ఎలియాసూ" అని అందరి ముందూ ప్రకటించేశాడు. చప్పట్లు పడ్డాయి. చప్పట్లు పడ్డాక వెనక్కి తగ్గడం కోనసీమ మనిషికి చేతకాని పని.

"హెడ్‌ఫోన్లు పెట్టుకుని వాయించుకునే ఎలక్ట్రానిక్‌వి ఉంటాయంట కదా, అవి కొనొచ్చుగా" అంది భార్య సహానా టీ వడపోస్తూ. "ఈ ఫ్లాటు కోసం ఏడాది తిరిగాం. మీ మోతకి ఖాళీ చెయ్యమన్నారంటే మళ్ళీ ఎక్కడని తిరుగుతాం?"

"దానికి స్పీకర్లు, వైర్లు, పెద్ద తలనొప్పి. నెలకోసారి వాయించేదానికి పాత అకౌస్టిక్ సెట్టు చాలు. ఇంట్లో మాత్రం ముట్టుకోను, మాట."

వారం రోజులుగా అతను దాని గురించే చదివాడు. చవకరకం కొత్త సెట్టుకు సింబల్స్ అనే ఇత్తడి పళ్ళేలు కంచాలు పడేసినట్టు మోగుతాయని, అంతకంటే మంచిరకం పాతదే మేలని, పైన గీతలున్నా చెక్క పగలకుండా, బోల్టులు తుప్పు పట్టకుండా ఉంటే చాలని తేల్చుకున్నాడు. వీస్‌లోక్‌లో అమ్ముతున్నావిడ రిటైరైన టీచరు. కొడుకు వదిలేసి వెళ్ళిన సెట్టు అది. "వాయించి చూసుకోండి" అందావిడ. వీధి మరీ నిశ్శబ్దంగా ఉండటంతో ఎలియాస్‌కు చెయ్యి రాలేదు. సంతలో పుచ్చకాయను చూసినట్టు వేలి కణుపుతో ఒక్కో డ్రమ్మునీ తట్టి, తలాడించి, కొనేశాడు.

ఇంటికొచ్చాక తెలిసింది, పెట్టడానికి చోటు లేదని. కింద సెల్లార్‌లో వాళ్ళ అర నిండా సూట్‌కేసులూ బియ్యం బస్తాలూ ఉన్నాయి. దాని పక్కది అందరూ బట్టలుతుక్కునే గది. ఒక గోడ పొడుగునా ఎవరి వాషింగ్ మిషన్ వాళ్ళది, ఎదురుగా బోలెడంత ఖాళీ. ఆ గుమ్మంలోనే బిల్డింగ్ బాగోగులు చూసే హౌస్‌మైస్టర్ ష్మిట్ ఎదురయ్యాడు.

"ఒక ట్రొమ్మెల్ కొన్నాను. పాతది. ఇక్కడ పెట్టుకోవచ్చా?" అని ఎలియాస్ తనకు వచ్చిన జర్మన్‌లో అడిగాడు.

వాయించే డోలునూ, వాషింగ్ మిషన్ లోపల తిరిగే డబ్బానూ జర్మన్లు ట్రొమ్మెల్ అనే ఒకే మాటతో పిలుస్తారు. ఎలియాస్‌కు మొదటిదే తెలుసు. ఆ గుమ్మంలో నిలబడ్డ ష్మిట్‌కు రెండోదే తోచింది.

"పెట్టుకోండి. ఆ మూల ఖాళీయే."

"కొంచెం శబ్దం వస్తుంది."

"రాకుండా ఎలా ఉంటుంది? అన్నిటికీ వస్తుంది. ఆదివారం వద్దు, మధ్యాహ్నం కాసేపు వద్దు. మిగతా వేళల్లో మీ ఇష్టం."

"నేను నెలకోసారే వాడతాను."

ష్మిట్ అతన్ని పైనుంచి కింది దాకా ఒకసారి చూశాడు. "అది మీ సొంత విషయం" అన్నాడు మర్యాదగా.

ఇన్నాళ్ళూ ఈ దేశాన్ని అపార్థం చేసుకున్నానని ఎలియాస్‌కు నిజంగా బాధ కలిగింది. ఆ ఉత్సాహంలో పౌలురాజుకు ఫోను చేశాడు. సాయంత్రం పౌలురాజు ఇంట్లో పాటల ప్రాక్టీసు ఉంది.

"పర్మిషన్ ఇచ్చారా? కాగితం లేకుండా నోటితోనే?" అన్నాడు పౌలురాజు. "దేవుడు తలుపు తెరిచాడయ్యా. అయితే ప్రాక్టీసు అక్కడే. నేను అందర్నీ తీసుకొచ్చేస్తాను."

"ఇంట్లో ముట్టుకోనని మాటిచ్చారు" అంది సహానా.

"అది ఇల్లు కాదుగా, సెల్లారు" అన్నాడు ఎలియాస్. సహానా పాతిక మందికి సరిపడా పులిహోర కలపడానికి లేచింది.

నాలుగింటికల్లా ఆ గది గుమ్మం ముందు చెప్పులూ బూట్లూ వరసకట్టాయి. మూలనున్న మిషన్‌లో ఎవరివో దుప్పట్లు తిరుగుతున్నాయి. ఎలియాస్ కళ్ళు మూసుకుని ప్రార్థన చేసి, పెడల్ మీద కాలేసి, పాట ఎత్తుకున్నాడు. పుచ్చకాయ పరీక్షలో తేలని సంగతి అప్పుడు తేలింది. డ్రమ్ముల కింద తివాచీ ఉండాలి. నున్నటి టైల్స్ మీద బేస్ డ్రమ్ము దెబ్బకో అంగుళం చొప్పున ముందుకు జరగడం మొదలుపెట్టింది. స్టూలు ఈడ్చుకుంటూ ఎలియాస్ దాని వెనకే వెళ్ళాడు. ఆడవాళ్ళు పాట ఆపకుండానే పక్కకు తప్పుకుని దారిచ్చారు.

సరిగ్గా చరణం మధ్యలో ష్మిట్ దిగాడు. కొత్త మిషన్‌కు నీళ్ళ కనెక్షన్ ఇద్దామని చేతిలో గొట్టమూ స్పానరూ తెచ్చాడు. ఆ గొట్టం చూసిన పౌలురాజు, తమ మీద నీళ్ళు కొట్టి తరిమేస్తారని అనుకున్నాడు. "ఏం జరిగినా పాట ఆపకండి" అని చెయ్యి ఊపాడు. అందరూ గొంతు పెంచారు. ఎలియాస్ ఇంకాస్త గట్టిగా తొక్కాడు. బేస్ డ్రమ్ము వెళ్ళి దుప్పట్ల మిషన్‌కు గుద్దుకుంది. వెనకనున్న నీళ్ళు పోయే గొట్టం ఊడిపడింది.

సబ్బు నీళ్ళు నేల మీద పరుచుకున్నాయి. అవి పోవడానికి గది మధ్యలో జాలీ ఉంది గానీ చుక్క కూడా లోపలికి దిగలేదు. గుమ్మం బయట బూట్లు తేలాయి. అప్పటికి పాట ఆగింది.

"మిషన్ ఏది?" అన్నాడు ష్మిట్, తడిసిన మేజోళ్ళతో.

"ఏ మిషన్?" అన్నాడు ఎలియాస్. అడిగాక అతనికి విషయం అర్థమైంది. ఇల్లు ఖాళీ చేస్తూ సామాన్లు సర్దుతున్నట్టు కళ్ళకు కట్టింది. సహానా మాత్రం ఏమీ అనకుండా మాపు అందుకుంది. అనకపోవడమే అతన్ని ఎక్కువ భయపెట్టింది.

అంతలో దుప్పట్ల యజమాని, పై అంతస్తు ఫ్రావ్ బ్రెన్నర్ మెట్ల మీద ప్రత్యక్షమైంది. ఆవిడ డ్రమ్ములను చూడలేదు, మనుషులనూ చూడలేదు. నీళ్ళు దిగని జాలీని చూసింది.

"చూశారా హెర్ ష్మిట్," అంది తృప్తిగా. "ఈ కాలువ మూసుకుపోయిందని ఎన్నాళ్ళుగా మొత్తుకుంటున్నాను? నా ఊహ అన్నారు. ఇది కూడా నా ఊహేనా?"

ష్మిట్ వంగి స్పానరుతో ఆ జాలీని పొడిచి చూశాడు. సోమవారం ప్లంబర్లు వచ్చారు. మంగళవారం ఫ్రావ్ బ్రెన్నర్ కేకు పట్టుకుని ఎలియాస్ ఇంటికి వచ్చింది. ష్మిట్ ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకునే ఆలోచనలో ఉన్నాడని, అదే జరిగితే కాలువ సంగతి ఓనరు దాకా తీసుకెళ్తానని తాను అతనితో చెప్పివచ్చానని తెలిపింది. సహానా ఆవిడకు కాఫీ ఇచ్చింది. ఆ తర్వాతే మొగుడితో మాట్లాడింది.

ఆ వారాంతంలో పౌలురాజు ఫోను చేశాడు. గొంతు దిగాలుగా ఉంది. హైడెల్‌బర్గ్ హాలు వాళ్ళు, చుట్టుపక్కల ఇళ్ళకు ఇబ్బందని, తమ హాల్లో డ్రమ్స్ కుదరవని చెప్పేశారట.

"మరెలా అన్నయ్యా?" అన్నాడు ఎలియాస్.

"ఎలా ఏముందయ్యా. సత్రంలో స్థలం లేకపోతే ప్రభువే పశువుల పాకలో పుట్టి సర్దుకున్నాడు. మనకేం, టైల్స్ వేసిన గది. ఒక తివాచీ కొను."

ఆ క్రిస్మస్‌కి ఆ బిల్డింగ్‌లో ఎవరూ బట్టలు ఉతుక్కోలేదు.