విత్తనానికి పెట్టిన కాలేయం

ఎర్రతిప్ప పంచాయితీ ఆఫీసు గోడకు ఒక నల్లపలక ఉంది. ఏడాది పొడుగునా దాని మీద "నేటి వర్షపాతం: సున్నా" అని రాసి ఉంటుంది. సున్నాను చెరిపే పని ఎవరికీ పడలేదు. అట్లాంటి పలక మీద 2003వ సంవత్సరం ఆగస్టు నెలలో ఒక శుక్రవారం పొద్దున ఈ విధంగా కనిపించింది: "గ్రామ ప్రజలకు తెలియజేయడమేమనగా, మన ఊరి గంగాధరప్పకు కాలేయం పరీక్షలో 268 వచ్చినది. ఊరిలో ఇదే మొదటి స్థానం. కావున ఆదివారం పది గంటలకు సన్మానము. అందరూ విధిగా రావలెను."

ట్యాంకరు నీళ్ళకు పోతున్న నారాయణమ్మ బిందె చంకలో పెట్టుకొని దాన్ని రెండుసార్లు చదివింది. అయిదో తరగతి దాకా చదివిన మనిషి. అక్షరాలన్నీ తెలిసినవే. ఆ కాలేయం తన మొగుడిది.

నిజానికి గంగాధరప్పను రక్తపరీక్షల శిబిరానికి ఈడ్చుకుపోయింది ఆమే. రెండేళ్ళుగా ఆ మనిషి పొద్దున పళ్ళు తోమకముందే బ్రాందీ సీసా మూత తీస్తాండాడు. సంగటి ముద్ద ముందు పెడితే సగం కూడా దిగదు. కండ్లు పసుపు పూసినట్టు అయినాయి, పాదాలు ఉబ్బినాయి. ఏడ్చింది, తిట్టింది, పుట్టింటికి పోతానని మూట కట్టింది. ఏదీ పని చేయలేదు. ఇక మిగిలింది ఒకటే ఆశ. డాక్టర్లు కాగితం మీద రాసిస్తేనన్నా ఈయన భయపడతాడు, నాలుగు కాలాలపాటు బతుకుతాడు. బిస్కెట్లు ఇస్తారంట అని చెప్పి వరసలో నిలబెట్టింది. ఇప్పుడు కాగితం వచ్చింది. భయం మాత్రం రాలేదు, సన్మానం వచ్చింది.

జరిగిందేమంటే, బడి వసారాలో అరవై నాలుగు మంది చేతుల్లో నుంచి నెత్తురు తీసుకుపోయిన శిబిరం వాళ్ళు, వారం దినాలకు రిపోర్టులన్నీ ఒక కట్ట కట్టి పంపించినారు. వాటిని చదివి చెప్పాల్సిన నర్సు హేమావతి ఆ వారం శిక్షణ కోసం అనంతపురంలో ఉంది. కట్ట పోయి కొండప్ప చేతిలో పడింది.

కొండప్ప సామాన్యుడు కాడు. ఇరవై రెండేళ్ళు చెనిక్కాయల మండీలో వేరుశనగకు నాణ్యం చూసిన మనిషి. రైతు మూట విప్పితే చాలు, లోపలికి చెయ్యి పెట్టి ఒక పిడికెడు కాయలు తీసి, ఒలిచి, గింజ తూకం వేసి, "డెబ్బై రెండు" అనో "అరవై" అనో ఒక అంకె చెప్తాడు. అంకె పెద్దదైతే సరుకు గట్టిది. అంకె చిన్నదైతే లొట్ట కాయ. ఆ మాటకు ఇంతవరకు అప్పీలు లేదు. అటువంటి మనిషికి ఈ రిపోర్టులు అర్థం కావడానికి ఇంగ్లీషు ఎందుకు? తాను మూటలో నుంచి పిడికెడు తీసినట్టే డాక్టర్లు మనిషిలో నుంచి ఒక సూదెడు తీసినారు. తాను అంకె వేసినట్టే వాళ్ళూ వేసినారు. చుక్క పెట్టి రాసిన చిన్న అంకెలన్నీ చిల్లరగా తీసి పక్కన పెట్టి, చుక్క లేని పెద్ద అంకెను అసలు అంకెగా ఖాయం చేసినాడు. దాని పక్కనే అందరి కాగితాల్లోనూ ఒకే తీరుగా అచ్చు వేసిన నలభై సంగతేమని ఎవరో అడిగితే, "అది కనీసం అప్పా. దానికి తక్కువ పడితే సరుకు కొనరు" అని వివరించినాడు. ఊరంతా ఒప్పుకున్నారు. కాదనడానికి ఎవరి దగ్గరా ఇంకొక వివరణ లేదు.

దాంతో ఎర్రతిప్పలో తలరాతలు ఒక్క పూటలో తిరగబడినాయి. టీ నీళ్ళు కూడా ముట్టని నారాయణ మాస్టరుకు పదిహేడు వచ్చింది. ముప్పై ఏండ్లు పిల్లలకు మార్కులు వేసిన మనిషి, తనకు పదిహేడు వచ్చేసరికి రెండు దినాలు గడప దాటలేదు. పరామర్శకు పోయిన వాళ్ళు ఆయన ముందర కాలేయం మాట ఎత్తకుండా వానల గురించి మాట్లాడి వచ్చినారు. గొర్రెలు కాసే తిమ్మన్నకు ఇరవై రెండు. అతని భార్య తిమ్మమ్మ ఇది వాళ్ళ వంశంలోనే ఉందని అత్తగారితో కొట్లాడింది. తిప్పేష్‌కు ముప్పై ఒకటి. వానికి పిల్లనిస్తామన్న గోరంట్ల వాళ్ళు సంగతి తెలిసి, పిల్లవానిది ఇంకా లేత సరుకు, ఏడాది చూస్తామని కబురు పెట్టినారు. పాపం, తిప్పేష్ ఆ సాయంత్రమే సీసా తెచ్చుకొని కృషి మొదలుపెట్టినాడు.

ఎర్రతిప్ప వాళ్ళను తప్పు పట్టకండి. పెద్ద అంకె అంటే వాళ్ళకు ముందునుంచీ గౌరవం. గంగాధరప్ప చేనులో బోరు నాలుగు వందల ముప్పై అడుగులు దిగింది. పైకి వచ్చింది తెల్లటి దుమ్ము. అయినా అది వేసిన నాడు ఊళ్ళో టెంకాయలు కొట్టి, ఇంత లోతు ఈ చుట్టుపక్కల ఎవరిదీ లేదని చెప్పుకున్నారు. ఇప్పుడు అదే మనిషి కాలేయంలోనూ ముందున్నాడంటే అది కష్టపడి సంపాదించిన పేరు కాదా?

ఆదివారం సన్మానం ఘనంగా జరిగింది. శాలువా కప్పినారు, బంతిపూల దండ వేసినారు. కొండప్ప మైకు పట్టుకొని ఇట్లా ప్రసంగించినాడు: "సోదర సోదరీమణులారా! మన నేలలో తేమ లేదు. మన బావుల్లో నీళ్ళు లేవు. అయినా ఇటువంటి నేలలో పుట్టి, ఇంత కరువులో పెరిగి, ఒక కాలేయం రెండు వందల అరవై ఎనిమిదికి చేరిందంటే, దాని వెనక ఎంత పట్టుదల ఉండాలో ఆలోచించండి. పట్నాల్లో పాలు పండ్లు తినే వాళ్ళకు ముప్పై దాటడం లేదంట!" చప్పట్లు ఆగలేదు. గంగాధరప్ప రెండు మాటలు మాట్లాడడానికి లేచి, ఒక మాట మాట్లాడి, తూలి కూర్చున్నాడు. అది వినయం అనుకున్నారు.

అదే వేదిక మీద ఆయన్ని వాటర్‌షెడ్ కమిటీ అధ్యక్షుడిగా ఏకగ్రీవంగా ఎన్నుకోవడమైనది. ట్యాంకరు వస్తే మొదటి బిందె ఆయనదిగా నిర్ణయించడమైనది. అంతటితో ఆగి ఉంటే నారాయణమ్మ ఎట్లనో ఓర్చుకొని ఉండును. కానీ ఆ అంకె తగ్గితే ఊరి పరువు పోతుంది కాబట్టి, వీధికొక దినం వంతు వేసుకొని గంగాధరప్పకు మందు సమకూర్చవలెనని కూడా తీర్మానించడమైనది. ఇంతకుముందు తాగి వస్తే తలుపు వేసుకునే ఊరు, ఇప్పుడు తలుపు తట్టి మరీ తాగించి పోతుంది. ఒకరోజు దక్షిణం వీధి వాళ్ళు వంతు మరిచిపోతే పంచాయితీ పెట్టి మందలించినారు.

హేమావతి అనంతపురం నుంచి వచ్చిన దినమే నారాయణమ్మ రిపోర్టు కొంగులో చుట్టుకొని ఆమె దగ్గరికి పోయింది.

"చూడు తల్లీ, ఇది మంచిదా చెడ్డదా? ఊరంతా మంచిదంటాండారు."

హేమావతి కాగితం చూసి ఆ అంకె మీద వేలు పెట్టింది. "అక్కా, కుండకు చీలిక పడితే నీళ్ళు బయటికి కారతాయి గదా. కాలేయం దెబ్బ తింటే దాంట్లో ఉండాల్సింది నెత్తురులోకి కారతుంది. ఆ కారింది ఎంతో కొలిస్తే వచ్చే అంకె ఇది. నలభై లోపల ఉండాల. ఈయనకు రెండు వందల అరవై ఎనిమిది ఉండాది. ఇట్లే తాగితే కుండ మిగలదు. ఇప్పుడు మానేస్తే మళ్ళీ అతుక్కోవచ్చు. కానీ ఇంట్లో ఉన్నట్టుండి మాన్పిస్తే ప్రమాదం, డాక్టరు దగ్గర పెట్టాల."

ఆ సాయంత్రమే హేమావతి పంచాయితీ ఆఫీసు ముందర నిలబడి ఇదంతా మళ్ళీ చెప్పింది. కొండప్ప ఓపికగా విన్నాడు. విని, "అమ్మా, నువ్వు చదువుకున్న పిల్లవి. ఇంతవరకు ఎన్ని మూటలకు నాణ్యం చూసినావు?" అని అడిగినాడు. ఆమె ఒక్కటీ చూడలేదని ఒప్పుకుంది. "పోనీ, నీ అంకె ఎంత?" అన్నాడు. "పందొమ్మిది" అంది హేమావతి. జనం ఒకరి మొగం ఒకరు చూసుకున్నారు. ఈర్ష్య ఎంత చెడ్డదో అందరికీ అర్థమైంది. ఒక ముసలాయన ఆమె దగ్గరికి వచ్చి, "బాధపడొద్దమ్మా, చిన్న వయసు, పెరుగుతుందిలే" అని ధైర్యం చెప్పినాడు.

నారాయణమ్మ ఆ రాత్రంతా నిద్రపోలేదు. నిజం చెప్తే పని జరగదని తెలిసిపోయింది. తెల్లవారి కొండప్ప ఇంటికి పోయేసరికి ఆయన వాకిట్లో కూర్చొని వచ్చే కారు పంటకు విత్తనం కాయలు ఏరుతాండాడు. ఆమె పక్కనే చతికిలబడి తానూ నాలుగు కాయలు ఏరింది.

"అన్నా, అన్నిటికన్నా గట్టి కాయను మీరేం చేస్తారు? అమ్ముతారా?"

"యాడన్నా అమ్ముతారా? విత్తనానికి పెడతాం."

"విత్తనానికి పెట్టిన కాయకు తడి తగిలితే?"

"కొంప మునుగుతుంది. మొలక పోతుంది. ఒక్క చుక్క తగలనీకూడదు."

నారాయణమ్మ కొంగుతో కండ్లు ఒత్తుకుంది. "మరి మా ఇంటాయన్ను మీరందరూ కలిసి పొద్దస్తమానం తడుపుతాండారే అన్నా. అంత గట్టి సరుకు ఊళ్ళో ఇంకొకటి ఉండాదా?"

కొండప్ప చేతిలో కాయలు చేతిలోనే ఉండిపోయినాయి. ఇరవై రెండేళ్ళ అనుభవం ఉండి ఈ సంగతి తనకు తట్టలేదే అని సిగ్గుపడినాడు. పది గంటలకల్లా పలక మీద కొత్త ప్రకటన వచ్చింది: "గంగాధరప్పను విత్తనానికి పెట్టడమైనది. ఆయనకు ఒక్క చుక్క తడి తగిలించినవారు ఊరి ద్రోహులుగా పరిగణింపబడుదురు."

ఆహా, ఇక ఆ కట్టుబాటు చూడాల్సిందే! తిమ్మన్న గొర్రెల్ని భార్యకు అప్పజెప్పి కావలికి వచ్చినాడు. తిప్పేష్ రెండో కావలి. మొదట గుత్తికి తీసుకుపోయి డాక్టరు దగ్గర పది దినాలు ఉంచినారు. దాన్ని ఊళ్ళో విత్తనం ఆరబెట్టడం అన్నారు. అక్కడ ఇచ్చిన మాత్రలను విత్తనానికి పురుగు పట్టకుండా పట్టించే మందు అన్నారు. గంగాధరప్ప చేతులు వణికి, చెమటలు పోసి, "నాకు సన్మానం వద్దప్పా, శాలువా వద్దు, ఒక్క గుక్క పోయండి చాలు" అని బతిమాలినాడు. తిమ్మన్న చలించలేదు. "నీ ఒక్కనిదా కాలేయం? ఊరిది" అన్నాడు. ఒకసారి తప్పించుకొని యాడికి ఊరి బస్సు ఎక్కితే, కండక్టరే గుర్తుపట్టి దింపి, మర్యాదగా వెనక్కి పంపించినాడు. ఏ భార్య కన్నీళ్ళకూ దొరకని ఊరి సహాయం నారాయణమ్మకు ఈ విధంగా దొరికింది. ఆమె మాత్రం ఏమీ ఎరగనట్టు దినామూ చెంచలాకు పప్పు, మజ్జిగ, సంగటి పెట్టింది.

నాలుగు నెలలకు శిబిరం మళ్ళీ వచ్చింది. ఈసారి గంగాధరప్పను మేళతాళాలతో తీసుకుపోయినారు. మూడు వందలు దాటుతుందని కొందరు, మూడున్నర వందలని కొందరు పందేలు కాసినారు. రిపోర్టు వచ్చింది.

ముప్పై ఆరు.

కొండప్ప కాగితాన్ని తిప్పి వెనక వైపు కూడా చూసినాడు. వెనక ఏమీ లేదు. పంచాయితీ ఆఫీసు ముందర మేళగాళ్ళు డోళ్ళు దించినారు. నారాయణ మాస్టరు ఒక్కడే, తన పక్కకు ఇంకొక మనిషి వచ్చినాడని లోలోపల కొంచెం సంతోషించినాడు. విచారణ జరిగింది. విత్తనాన్ని పాడు చేసింది ఎవరని అడిగితే, ఆకుకూర, మజ్జిగ పెట్టినట్టు నారాయణమ్మ ఒప్పుకుంది. ఇంటి మనిషే ఇట్లా చేస్తే ఊరు ఏం చేస్తుందని కొండప్ప తల పట్టుకున్నాడు. శాలువా వాపసు తీసుకోవడమైనది. మొదటి బిందె రద్దు చేయడమైనది. అధ్యక్ష పదవి తిప్పేష్‌కు దక్కింది. వాడు కావలి దిగిన గంటల్లో ఎవరికీ చెప్పకుండా శ్రమపడి నూట తొంభై సాధించి ఉన్నాడు. గోరంట్ల వాళ్ళు ముహూర్తం పెట్టుకుందామని కబురు పంపించినారు. హేమావతి ఆ నూట తొంభై కాగితం పట్టుకొని వాని వెంట పరిగెత్తింది. వాడు దండ వేసుకోవడంలో ఉన్నాడు.

గంగాధరప్ప ఇంటికి వచ్చి అరుగు మీద కూలబడి, "నా సరుకు పోయిందే" అన్నాడు. కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి. నారాయణమ్మ చూసింది. ఆ కండ్లు తెల్లగా ఉన్నాయి. రెండేళ్ళ తర్వాత తెల్లగా ఉన్నాయి. ఆమెకు పట్టలేనంత సంతోషం వచ్చి, బయటికి నవ్వితే బాగుండదని లోపలికి పోయి సంగటి పెట్టుకొచ్చింది. ఆయన ఏడుస్తూనే ఒక ముద్ద తిన్నాడు. ఇంకొక ముద్ద అడిగినాడు.

మరుసటి దినం నుంచి పరామర్శలు మొదలైనాయి. ఊరి ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి, గడపలో కూర్చొని, నిట్టూర్చి పోయినారు. చివరికి తిమ్మమ్మ బిందె పక్కన పెట్టి నారాయణమ్మ చెయ్యి పట్టుకుంది.

"ఎట్లా ఓర్చుకుంటాండావో ఏమో అక్కా. రెండు వందల అరవై ఎనిమిది మనిషితో కాపురం చేసినదానివి. ఇప్పుడు ముప్పై ఆరుతో సర్దుకోవాల్సి వచ్చె."

"మా తాత తవ్విన బావి ముప్పై ఆరు అడుగులే తిమ్మమ్మా" అంది నారాయణమ్మ. "ఎండాకాలం గూడా నీళ్ళుండె."

"అంతేనా? మా ఇంటాయన మొన్న బోరు అయిదు వందల అడుగులు దించినాడు" అంది తిమ్మమ్మ. అంతటి దుఃఖంలోనూ ఆమె మొగం వెలిగిపోయింది.

"నీళ్ళు పడినాయా?"

తిమ్మమ్మ ఏదో చెప్పబోయింది. అంతలో వీధి మొదట్లో ట్యాంకరు హారను వినిపించింది. ఆమె ఖాళీ బిందె తీసుకొని పరిగెత్తింది.